పేదయింటి క్రిస్మసు కానుక
(మూడు కథలపై ఒక విమర్శ)



డిసెంబరు నెల వచ్చుచున్నది. మందిరము మీద నక్షత్రము కట్టుటకు మన యౌవనస్థులు వెదురుబద్దలు చీల్చుచున్నారు. రాత్రిపాటలకు తిరుగువారు డోలకులు బిగించుకొనుచున్నారు. బిడ్డల నోట క్రొత్తబట్టల మాటయే. ఇంత సంతోషము నడుమ, ప్రతి సంఘములోను కొన్ని యిండ్లలో తల్లి యొకతె, అందరు నిద్రించిన తరువాత, చీకటిలో వ్రేళ్లు మడిచి లెక్క వేసికొనుచుండును. పెద్దకూతురికి చీర. అల్లునికి ప్యాంటుగుడ్డ, చొక్కాగుడ్డ. మనుమరాలికి గౌను. వియ్యపురాలికి ఏమియు పెట్టకున్న మాట వచ్చును. తమ్ముని పిల్లలు ఇద్దరు. ఆడపడుచు ఒకతె. జాబితా 6,000 రూపాయలది. కొంగున నున్నది 2,000. తక్కిన 4,000 ఎక్కడనుండి వచ్చునో మనకందరికి తెలియును. నూటికి మూడు రూపాయల వడ్డీకి వచ్చును, లేదా తాకట్టు కొట్టునుండి వచ్చును. పశువుల తొట్టిలో పరుండిన ప్రభువు పేరట మనము చేయు అప్పు సంక్రాంతి దాటి, ఈస్టరు దాటి, మరల డిసెంబరు వచ్చువరకు మనలను వెంబడించును.

ఈ విషయమై ఆలోచించుటకు ఈ నెల మూడు కథలను మీ యెదుట పెట్టుచున్నాను. మూడును అమెరికా దేశపు కథలే. మూడింటిలోను చేతిలో డబ్బు లేనివారు తమ వారికి క్రిస్మసు కానుకలు ఇచ్చుటయే సంగతి. కథలను విమర్శించుట సంఘకాపరి పనియా అని మీరు అడుగవచ్చును. పనియే అని నేను నేర్చుకొంటిని. వేదికమీద మేము చెప్పు కథ మందిరములోనే ఆగిపోదు. విశ్వాసుల యింటి ఖర్చులోనికి నడిచిపోవును. కాబట్టి చెప్పకముందు దానిని తూచి చూడవలెను. నేను తూచకుండ చెప్పిన కథతోనే మొదలు పెట్టెదను.

మొదటి కథ: గడియారపు గొలుసు

ఈ కథ వ్రాసినవాడు ఓ. హెన్రీ. అది కలము పేరు. అసలు పేరు విలియం సిడ్నీ పోర్టరు. 1862లో ఉత్తర కెరొలైనా రాష్ట్రములో పుట్టి 1910లో న్యూయార్కులో మరణించెను. తాను పనిచేసిన బ్యాంకు సొమ్ము విషయమైన నేరముపై 1898 మొదలు 1901 వరకు ఒహైయో చెరసాలలో నుండెను. అక్కడ నున్నప్పుడే, 1899 డిసెంబరులో, ఆయన క్రిస్మసు కథ యొకటి ఒక పేరుపొందిన మాసపత్రికలో అచ్చుపడెను. పండుగనాడు చేతిలో ఏమియు లేకుండుట యెట్లుండునో తెలిసినవాడు వ్రాసిన వ్రాత అది. మనము చెప్పుకొనబోవు కథ, జ్ఞానుల కానుక అను అర్థమిచ్చు పేరుతో, 1905 డిసెంబరులో న్యూయార్కు వార్తాపత్రిక ఆదివారపు సంచికలో వెలువడి, మరుసటి యేట పుస్తకములో చేరెను.

కథ మీలో చాలమందికి తెలిసినదే. జిమ్, డెల్లా అను యౌవన దంపతులు. క్రిస్మసు ముందునాడు డెల్లా చేతిలో నున్నది 1 డాలరు 87 సెంట్లు. కూరలవానితోను, మాంసపు కొట్టువానితోను, సరుకుల కొట్టువానితోను బేరమాడి కూడబెట్టిన చిల్లర అది. ఆమెకున్న ఆస్తి మోకాళ్లు దాటి దిగు తలవెండ్రుకలు. భర్తకున్న ఆస్తి తాతనుండి తండ్రికి, తండ్రినుండి తనకు వచ్చిన బంగారు గడియారము. ఆమె వెండ్రుకలను 20 డాలర్లకు అమ్మి, గడియారమునకు 21 డాలర్లు పెట్టి ప్లాటినము గొలుసు కొనెను. అతడు గడియారమును అమ్మి, ఆమె జుట్టులో పెట్టుకొనుటకు తాబేటిచిప్ప దువ్వెనలు తెచ్చెను. గొలుసునకు గడియారము లేదు, దువ్వెనలకు వెండ్రుకలు లేవు. ఇటువంటివారే అందరికంటె జ్ఞానులని రచయిత ముగించెను.

కథనములో నేర్పున్నది, కాదనను. ముఖ్యముగా రచయిత లెక్క తప్పడు. 20 డాలర్లకు 1 డాలరు 87 సెంట్లు కలిపి, 21 తీసివేయగా, ఆమె చేతిలో 87 సెంట్లు మిగిలెనని సరిగా వ్రాసెను. బీదవారిని గూర్చి వ్రాయు చాలమంది వారి కన్నీళ్లను లెక్కించుదురు గాని చిల్లరను లెక్కించరు. ఈయన చిల్లర లెక్కించెను. అందుచేతనే కథ నమ్మదగినదిగా నున్నది.

అయితే అదే లెక్కను మనము మరికొంత దూరము సాగింపవలెను. ఆ యింటి అద్దె వారమునకు 8 డాలర్లు. జిమ్ జీతము మునుపు 30 డాలర్లుండి 20కి తగ్గినది. అనగా వారము జీతముకంటె ఎక్కువ వెలగల గొలుసును, గడియారమునకు వ్రేలాడుటకు మాత్రమే పనికివచ్చు దానిని, ఆమె కొనెను. డెల్లాకు చేతులున్నవి, ఆ చేతులతో వంట చేయును, ఇల్లు చక్కబెట్టును. అయితే ఆ చేతులతో భర్తకు ఏదైన చేసి యిత్తునను తలంపు కథ అంతటిలో ఒక్కసారియైనను ఆమెకు తోచలేదు. కానుక అనగా దుకాణములో కొనినదే అని ఆమె నమ్మకము. రచయిత నమ్మకము కూడ అదే. పెద్ద పట్టణపు కథ యిది. ప్రేమ నిజమైనదే గాని ఆ ప్రేమ అంగడి వీధి దాటి పోలేదు.

మరియొకటి చూడుడి. కథ క్రిస్మసు ముందు రాత్రి ముగిసిపోవును. జనవరి నెల అందులో లేదు.

ఆ జనవరిని నేను చూచితిని. వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో ఈ కథను మొదట చదివి, అటుపిమ్మట చాల సంవత్సరములు క్రిస్మసు ప్రసంగములలో చెప్పుచు వచ్చితిని. చెప్పినప్పుడెల్ల స్త్రీలు కన్నులు తుడుచుకొనెడివారు. మంచి ప్రసంగము చేసితినని నేను సంతోషించెడివాడను. కొన్ని సంవత్సరముల క్రిందట, నేను కాపరిగా నున్న గ్రామములో, పొలము కూలికి పోవు ఒక విధవరాలు ఆ ప్రసంగము విని, మరుసటి దినమున తన చెవికమ్మలు తాకట్టు పెట్టి అల్లునికి బట్టలు, కూతురికి పట్టుచీర కొనెను. ఫిబ్రవరిలో వారి యింట ప్రార్థనకు పోయినప్పుడు బోసిచెవులు చూచి, సంగతి అడిగితిని. ఆమె చెప్పినది.

"ఎందుకమ్మా అంత పని చేశావు?" అని నేనంటిని.

ఆమె నా ముఖము చూచి, కోపము లేకుండనే అనెను: "మీరు చెప్పిన కథలో ఆ పిల్ల జుట్టు అమ్ముకుంది గదయ్యగారూ. జుట్టయితే మళ్లీ పెరుగుద్ది. కమ్మలు పెరగవు గదా."

ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. నేను చదివిన విమర్శ పుస్తకములలో ఏదియు ఆ కథలోని లోపమును అంత సూటిగా చూపలేదు. డెల్లా కూడ తన వెండ్రుకలు త్వరగా పెరుగునని భర్తతో చెప్పును. ఆ మాట కథలోనే యున్నది. నేను దానిని దాటిపోయితిని, ఆ తల్లి దాటిపోలేదు. డెల్లా, జిమ్ తమకున్నదానిని అమ్మిరి గాని అప్పు చేయలేదను సంగతి కూడ నేను వేదికమీద ఎన్నడును విడదీసి చెప్పలేదు. త్యాగము, త్యాగము అని మాత్రము చెప్పితిని. వడ్డీ పెరిగి ఆ కమ్మలు తిరిగి ఆమె చెవికి రాలేదు. ఆ త్యాగమునకు నా ప్రసంగమే కారణమని ఒప్పుకొనుచున్నాను.

జ్ఞానులు, రెండు పక్షులు

ఈ కథ మత్తయి రెండవ అధ్యాయములోని జ్ఞానులను ఆధారము చేసికొన్నది గనుక ఆ మాట కూడ చూతము. తూర్పుదేశపు జ్ఞానులు బీదవారని లేఖనము చెప్పదు. వారు తమ పెట్టెలు విప్పి తమయొద్ద నున్న బంగారమును, సాంబ్రాణిని, బోళమును ఇచ్చిరి. కలిగినవారు కలిగినదానిలోనుండి యిచ్చిరి. అది వారికి తగియుండెను. వారి కొలతను కూలివారిమీద మోపుటకు మనకు అధికారమెవరిచ్చిరి?

బీదవారికి తగిన కొలత అదే క్రీస్తు జన్మ వృత్తాంతములో మరియొకచోట నున్నది. లూకా రెండవ అధ్యాయములో యోసేపు, మరియ శిశువును యెరూషలేము దేవాలయమునకు తీసికొనిపోయి పక్షుల జతను అర్పించిరి. లేవీయకాండము పండ్రెండవ అధ్యాయము తెరచి చూచినయెడల అది ఎవరి అర్పణయో తెలియును. గొఱ్ఱెపిల్లను తెచ్చుటకు శక్తి చాలనివారు తేవలసినది రెండు గువ్వలు, లేదా రెండు పావురపు పిల్లలు. దేవుడే తన ధర్మశాస్త్రములో బీదవారికి వేరొక మార్గము పెట్టియుండెను. మన ప్రభువు తల్లి ఆ మార్గమున నడచెను. గొఱ్ఱెపిల్లకొరకు ఆమె ఎవరి గడపకును అప్పునకు పోలేదు. పక్షులు తెచ్చితినని సిగ్గుపడినట్లును లేఖనములో లేదు. క్రిస్మసు నాటకములో జ్ఞానుల కిరీటములకు బంగారు కాగితము అంటించు మనము, ఆ రెండు పక్షులను ఒక్కసారియైనను వేదికమీదికి తెచ్చితిమా?

రెండవ కథ: తల్లికి చేతిరుమాళ్లు

రెండవది లూయీజా మే ఆల్కాటు 1868లో ప్రకటించిన చిన్న స్త్రీలు అను అర్థమిచ్చు పేరుగల నవల. అక్కడి అంతర్యుద్ధపు దినముల కథ. తండ్రి యుద్ధభూమిలో సైనికులకు బోధకుడుగా నున్నాడు. ఇంటిలో తల్లి, నలుగురు కుమార్తెలు. పుస్తకము మొదలగుటయే కానుకలు లేని క్రిస్మసు ఏమి క్రిస్మసని జో అను పిల్ల సణుగుటతో మొదలగును. పురుషులు యుద్ధములో కష్టపడుచుండగా మనము సరదాలకు డబ్బు ఖర్చు చేయరాదని తల్లి చెప్పినది. పిల్లలకది న్యాయమేనని తెలియును. అయినను మనస్సు ఒప్పదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క డాలరున్నది. దానితో తమకు ఇష్టమైనది కొనుక్కొనవలెనని మొదట అనుకొని, తల్లి పాత చెప్పులను చూచి మనస్సు మార్చుకొని, ఆ డాలరు ఆమెకే ఖర్చు చేసిరి. ఒకతె చేతితొడుగులు, ఒకతె చెప్పులు, ఒకతె అత్తరుబుడ్డి. బెత్ అను మూడవ పిల్ల చేతిరుమాళ్లకు అంచులు కుట్టి, వాటిమీద అమ్మ అను మాటను తన చేతితోనే దారముతో కుట్టెను. తల్లి పేరులోని మొదటి అక్షరములు కుట్టవలెను గాని ఇదేమి కుట్టు అని జో నవ్వెను. అవే అక్షరములు పెద్దక్కకు కూడ చెల్లును గనుక, అవి తల్లికి తప్ప మరెవరికి చెందకుండ నట్లు చేసితినని బెత్ ఉద్దేశము.

ఈ రచయిత్రి మొదటి గుణము సత్యము. పిల్లల సణుగును ఆమె దాచలేదు. మన సండే స్కూలు కథలలో బీద పిల్లలు ఎన్నడును సణుగరు. నిజమైన పిల్లలు సణుగుదురు. ఆమె అతిచిన్నదైన ఆమీని కూడ దాచలేదు. ఆమె మొదట చిన్న అత్తరుబుడ్డి కొని, మిగిలిన చిల్లరను తనకు దాచుకొని, తరువాత సిగ్గుపడి దుకాణమునకు పరుగెత్తి పెద్దబుడ్డికి మార్చుకొని వచ్చెను. రెండవ గుణము హద్దు. ఒక్క డాలరనగా ఒక్క డాలరే. ఎవరును ఆ హద్దు దాటలేదు. మూడవ గుణము ఆ చేతిరుమాలు. నాలుగు కానుకలలో దుకాణములో దొరకనిది అదొక్కటే. అక్షరములు వంకరగా నుండినను ఆ తల్లికి తప్ప లోకములో మరెవరికిని ఆ రుమాలు తగదు.

లోపము కూడ చెప్పవలెను. క్రిస్మసు ఉదయమున ఆ పిల్లలు తమ అల్పాహారమును ఆకలితో నున్న ఒక పరదేశపు కుటుంబమునకు మోసికొనిపోయిరి. చలిమంట లేదు, ఆరుగురు పిల్లలు ఒకే మంచముమీద ముడుచుకొని యున్నారు. ఆ ఘట్టము బహు చక్కగా నున్నది. కాని అదే సాయంకాలమున ప్రక్కయింటి ధనవంతుడు సంగతి విని, ఐస్‌క్రీము, మిఠాయి, పువ్వులు పంపెను. ఉదయము చేసిన మేలునకు సాయంకాలముననే బహుమానము! పిల్లలకు ముచ్చటగానే యుండును. అయితే మన పేటలలో ప్రక్కయింటి ధనవంతుడెవడు? ఇచ్చిన దినమున తిరిగి రాకపోవుటయే మన అనుభవము. రచయిత్రికి కూడ ఇది తెలియును. తరువాతి అధ్యాయములలో బెత్ అదే కుటుంబపు రోగపుబిడ్డను చూడబోయి తానును జ్వరము తగిలించుకొనెను. ఇచ్చుటకు వెల యున్నదని అక్కడ ఒప్పుకొన్నది. ఆ రెండు ఘట్టములను కలిపి చదివినప్పుడే పుస్తకము సరిగా నిలుచును. ఐస్‌క్రీము వరకే చదివి ఆగువాడు సగము చదివినవాడు.

మూడవ కథ: అడవిలోని యిల్లు

మూడవ పుస్తకము లారా ఇంగల్సు వైల్డరు 1932లో, తన అరువదియైదవ యేట, ప్రకటించినది. విస్కాన్సిను రాష్ట్రపు పెద్ద అడవిలో గడచిన తన చిన్నతనమును కథగా వ్రాసెను. అందులోని క్రిస్మసు అధ్యాయములో కథ అనదగిన మలుపేదియు లేదు. ఎవరును దేనిని అమ్మలేదు. బంధువులు మంచుబండిలో వచ్చిరి, తినిరి, ఆడిరి, మరునాడు వెళ్లిరి; అంతే. అయినను మన విషయమునకు మూడింటిలో ఇదే శ్రేష్ఠమని నా అభిప్రాయము. కారణములు చెప్పెదను.

మొదట, కానుకలను చూడుడి. తండ్రి రాత్రులు పొయ్యి యొద్ద కూర్చుండి కత్తితో పలకలను చెక్కి, అరచేతితో పట్టువలె నునుపుచేసి, వాటిమీద నక్షత్రములను, తీగెలను చెక్కి, తల్లి దాచుకొన్న పింగాణి బొమ్మను నిలుపుటకు గోడపలక చేసెను. పిన్నమ్మ తెచ్చినది లవంగములు గ్రుచ్చిన ఎఱ్ఱని ఆపిలు పండు. సువాసన నిచ్చును, చెడిపోదు. ప్రతిగా తల్లి ఇచ్చినది సూదుల పుస్తకము: పట్టుపేలికల అట్టలు, లోపల మెత్తని ఉన్నిగుడ్డ పుటలు. ఆ ఉన్నిగుడ్డలో సూదులకు త్రుప్పు పట్టదు. ఇది చదివినప్పుడు నా మనస్సు నిండినది. సూది త్రుప్పుపట్టుట ఎంతటి బాధయో కుట్టుపని చేయు స్త్రీకే తెలియును. ఆ బాధ తెలిసిన మరియొక స్త్రీ దానికి మందు చేసి యిచ్చెను. వెల ఏమి? పేలికలు.

రెండవది, పిల్లల కానుకలు. అందరికిని ఎఱ్ఱని ఉన్ని చేతితొడుగులు, ఒక్కొక్క మిఠాయి కడ్డీ. లారాకు మాత్రము గుడ్డబొమ్మ. బొత్తాములు కన్నులు, పెన్సిలుతో గీసిన కనుబొమలు, అడవిపండ్ల రసముతో ఎఱ్ఱనైన బుగ్గలు, అల్లి విప్పిన నల్లని ఉన్నిదారము ఉంగరాల జుట్టు. అంతవరకు ఆ పిల్ల మొక్కజొన్న కంకికి గుడ్డ చుట్టి బొమ్మ అని ఆడుకొనెడిది. తక్కిన పిల్లలు అసూయపడలేదు. చంటిబిడ్డలు తప్ప అందరికంటె చిన్నది ఆమెయేనని వారికి తెలియును. అందరికి సమానముగా పెట్టకపోయిన మాట వచ్చునని భయపడు మన కుటుంబములకు ఇది మంచి పాఠము. అవసరము చూచి ఇచ్చినయెడల, ఆ అవసరము అందరికి కనబడునదైనయెడల, హెచ్చుతగ్గులు కలహము పుట్టింపవు.

మూడవది, రచయిత్రి వ్రాసిన తీరు. ఆమె ప్రేమ అను మాటను వాడదు. పని జరిగిన విధమును వ్రాయును. ఏ కత్తి, ఏ చెక్క, ఏ దారము, ఎన్ని రాత్రులు. డెల్లా ప్రేమ ఒక్క గంటలోని తెగింపు. ఈ తండ్రి ప్రేమ అనేక రాత్రుల ఓపిక. తెగింపు కథకు బాగుండును. కాపురమునకు ఓపిక బాగుండును.

ఈ పుస్తకములోను దాగిన విషయమొకటి యున్నది. ఆ తల్లి పండుగకు ముందు దినముల తరబడి వండినది; అన్ని చేతితొడుగులు, బొమ్మ, సూదుల పుస్తకము చేసినది. ఆమె ఎప్పుడు నిద్రించెనో రచయిత్రి చెప్పదు. బిడ్డ కన్నులకు తల్లి అలసట కనబడదు గదా. మన దేశపు దృష్టాంతము చెప్పెదను. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ దొరసానులు బీద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. అది పెద్ద వర్తకమై విదేశములకు పోయినది. మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో పుస్తకము ప్రకటించెను. దినమంతయు కన్నులు పోవునట్లు అల్లిన పనిని ఇంటివారును వర్తకులును తీరికవేళ పని అని పిలిచి, ఆ పేరు చెప్పి కూలి తగ్గించిరని ఆమె చూపెను. కాబట్టి ఇంటిలో చేసిన కానుక ఖర్చు లేనిదని ఎవరును చెప్పవద్దు. రూపాయల ఖర్చు తక్కువ. చేతుల ఖర్చు ఎక్కువ. ఆ చేతులు ఎల్లప్పుడు ఒక్క తల్లివే అయినయెడల, అప్పు తప్పించి ఆమె నిద్రను తాకట్టు పెట్టినవారమగుదుము. ఆ అడవి యింటిలో కత్తి పట్టినవాడు తండ్రి అని మరువకుడి.

లేఖనములోని కుట్టుపని

మొదటి సమూయేలు గ్రంథము రెండవ అధ్యాయములో హన్నా యేటేట తన కుమారునికి చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. ఆమె అతనిని చూచునది ఏడాది కొకసారి. పెరుగుచున్న బిడ్డ, కొలత తీసికొనుటకు ఎదుట లేడు. ఈ యేడు ఎంత ఎదిగి యుండునో మనస్సులోనే కొలిచి కత్తిరింపవలెను. ప్రతి కుట్టులోను బిడ్డను గూర్చిన ఆలోచన లేనిదే ఆ అంగీ సరిపోదు. చేతితో చేసిన కానుకకు ఇంతకంటె మంచి నిర్వచనము నాకు తెలియదు. అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయములో యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురునకు చూపినది ఆమె కుట్టిన బట్టలనే. ఆ దినమున ఆమెను గూర్చి సాక్ష్యము చెప్పినది ఆమె కుట్టుపనియే.

పుచ్చుకొనువారికి ఒక మాట

మూడు కథలను మరల చదివినప్పుడు, నేను ఇన్ని సంవత్సరములు చూడని విషయమొకటి కనబడినది. మూడింటిలోను కథను నిలువబెట్టినది పుచ్చుకొనినవారే. పనికిరాని గొలుసు చేతికి వచ్చినప్పుడు జిమ్ సణుగలేదు. నవ్వి, వంట చేయుమనెను. వంకర అక్షరముల రుమాలును ఆ తల్లి మురిసి పుచ్చుకొనెను. లవంగముల పండు చూచి ఇంతేనా అన్నవారు ఆ అడవి యింటిలో లేరు. ఇచ్చువారు మంచివారై పుచ్చుకొనువారు కఠినులైనయెడల ఈ మూడు కథలును దుఃఖాంతములే.

మన తల్లులు అప్పు చేయుట ప్రేమ తక్కువై కాదు, మాట వచ్చునను భయము చేత. ఆ మాట ఎవరి నోటనుండి వచ్చును? అల్లుని నోటనుండి, వియ్యపురాలి నోటనుండి, బల్లదగ్గర మన ప్రక్కన మోకరించువారి నోటనుండియే. నేను ఇంతకాలము ఇచ్చువారికి ప్రసంగించితిని. తప్పు గడప దగ్గర నిలిచితిని. అల్లుండ్రారా, అత్తలారా, మీరు మీ వియ్యాలవారికి ఈ నెల ముందుగానే ఒక మాట పంపుడి: ఈ క్రిస్మసుకు కొన్నది ఏదియు తేవద్దు, మీ చేతితో చేసినది ఏదైన తెండు. ఆ మాట కొన్ని కుటుంబములకు క్రొత్తబట్టలకంటె గొప్ప కానుక యగును.

ఏమి చేయవచ్చును? నాలుగైదు పాతచీరెలున్న బొంత కుట్టవచ్చును; ఒక్క చేయి గాక ఇంటివారందరు తలా యొక మూల పట్టవలెను. పండుగముందు వారము మొదలుపెట్టిన అది పూర్తికాదు, ఇప్పుడే పట్టుకొనుడి. మిగిలిన గుడ్డతో బైబిలు సంచి కుట్టవచ్చును. కన్నులు సరిగా కనబడని తాతకు చదువుకొన్న మనుమడు ఇరువదిమూడవ కీర్తనను పెద్ద అక్షరములతో వ్రాసి ఇయ్యవచ్చును. పురుషులు పీట చేయవచ్చును, కవ్వము చెక్కవచ్చును, తాటాకు విసనకఱ్ఱ అల్లవచ్చును. సున్నుండలు, అరిసెలు, ఏడాది నిలువయుండు పచ్చడి మనకు తెలిసినవే. అయితే చేయకముందు హన్నావలె ఒక్క ప్రశ్న వేసికొనుడి: ఆమెకు ఏమి అవసరము? మా యింటిలో మిగిలినదేమి అని కాదు.

ఆ కమ్మల తల్లి సంగతి చెప్పి ముగించెదను. మరుసటి క్రిస్మసుకు ఆమె మనుమరాలికి బొంత కుట్టెను. పైపొర తన పెండ్లిచీర. లోపలి పొరలు చనిపోయిన భర్త పంచెలు. పండుగ తరువాత కూతురింటినుండి తిరిగివచ్చినప్పుడు, ఎట్లున్నదని నేను అడిగితిని.

"అల్లుడి మొగం కాస్త మాడిందయ్యగారూ," అనెను. "వియ్యపురాలు చేతితో తడిమి చూసి పక్కన పెట్టింది. పిల్ల మాత్రం అది కప్పందే పడుకోటం లేదంట." కొంచెము ఆగి, "ఈసారి జనవరిలో మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు," అనెను.

అల్లుని ముఖము మాడినది నిజము. దానిని దాచి, అందరు సంతోషించిరని వ్రాసినయెడల నేనును ఐస్‌క్రీముతో కథ ముగించినవాడనగుదును. ఆ ముఖమును మార్చుట ఆ తల్లి పని కాదు. అది మన సంఘముల పని, ముందుగా నా వంటి కాపరుల పని. ఈ క్రిస్మసుకు నేను గడియారపు గొలుసు కథ చెప్పను. రెండు పక్షులను పట్టుకొని దేవాలయపు మెట్లెక్కిన ఒక బీద తల్లిని గూర్చి చెప్పెదను. ప్రభువు మన చేతుల పనిని ఆశీర్వదించును గాక. పుచ్చుకొను మన చేతులను కూడ ఆయన మెత్తపరచును గాక. ఆమెన్.